అమెరికాలో పాప చెయ్యి విరిగితే ఈఆర్‌లో (ఆస్పత్రి ఎమర్జెన్సీలో) రెండున్నర గంటలు నొప్పి మందు ఇవ్వలేదు. మన రంగు చూసి చేశారా, నా అనుమానమా?

పొద్దుతిరుగుడు
పోయిన శనివారం మా పాప పార్కులో మంకీ బార్స్ మీంచి పడింది. ఏడేళ్ళు. మోచేతి పైన చూస్తుండగానే ఉబ్బిపోయింది. ఆ వంకర చూస్తే విరిగిందని చెప్పడానికి డాక్టరు కూడా అక్కర్లేదు. పిల్లల ఈఆర్‌కి పరిగెత్తాం. ట్రయాజ్ నర్సు (ఎవరిని ముందు చూడాలో తేల్చే నర్సు) మొహాల బొమ్మల చార్టు చూపించి "నువ్వు ఏ మొహం?" అని అడిగింది. మాది నవ్వు మొహం పక్కనున్న బొమ్మ మీద వేలు పెట్టింది. నర్సు 2 అని కొట్టుకుని, కూర్చోమంది.

రెండున్నర గంటలు కూర్చున్నాం. మా అత్తగారు "మంచిదానివి కదా, ఏడవకు" అంటుంటే పాప పెద్దగా ఏడవలేదు, తెల్లగా పాలిపోయి మా అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఉండిపోయింది. మా తర్వాత వచ్చిన ఒక తెల్లబ్బాయి, మణికట్టు దెబ్బ, హాలు దద్దరిల్లేలా ఏడుస్తున్నాడు. పావుగంటలో లోపలికి తీసుకెళ్ళి ముక్కులో ఏదో స్ప్రే కొట్టారు, వాళ్ళమ్మే తర్వాత చెప్పింది. నేను వెళ్ళి అడిగితే "డాక్టర్ చూశాక" అన్నారు. మళ్ళీ అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఎక్స్‌రేలో మోచేతి పైన ఎముక విరిగి పక్కకి జరిగిపోయింది. ఆ రాత్రే ఆపరేషన్, రెండు పిన్నులు.

మర్నాడు పాప అన్న మాట నన్ను తినేస్తోంది. "నవ్వు బొమ్మ చూపిస్తే తొందరగా ఇంటికి పంపిస్తారనుకున్నా అమ్మా."

మా ఆయన అతిగా ఆలోచించకు అంటున్నారు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

పిడుగు
పాప త్వరగా కోలుకోవాలి. కానీ ఈఆర్‌లో వెయిటింగ్ అందరికీ ఉండేదే. ప్రతిదానికీ రేసిజం అంటే అసలు రేసిజం జరిగినప్పుడు ఎవడూ నమ్మడు.

కొత్తావకాయ
రెండున్నర గంటలేనా? నేను కిడ్నీలో రాయితో ఐదు గంటలు కూర్చున్నా. అంతసేపు కూర్చుంటే రాయికే విసుగొచ్చి వెళ్ళిపోయింది.

రాత్రి_డ్యూటీ
పిల్లల ఈఆర్‌లో నర్సుగా పదకొండేళ్ళు. పిడుగు గారూ, డాక్టరు కోసం ఎదురుచూడటం వేరు, నొప్పి మందు కోసం ఎదురుచూడటం వేరు. మొదటిది హాల్లో ఎంతమంది ఉన్నారనే దాన్ని బట్టి. రెండోదానికి చాలాచోట్ల డాక్టరు వచ్చి చూడక్కర్లేదు, ముందే సంతకం పెట్టిన స్టాండింగ్ ఆర్డర్ ఉంటుంది. బరువు చూసి ఐబుప్రొఫెన్ ట్రయాజ్‌లోనే తాగించేయొచ్చు. చెయ్యి వంకర కనిపిస్తుంటే ముక్కులో కొట్టే ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు కోసం డాక్టర్‌ని పిలిచి నోటిమాట ఆర్డర్ తీసుకుంటాం. సూది లేదు, ఐవీ లేదు, పది నిమిషాల్లోపు పనిచేస్తుంది. ఆ అబ్బాయికి ఇచ్చింది అదే అయ్యుంటుంది.

ఇక ఆ బొమ్మలు. వాంగ్-బేకర్ స్కేల్ అంటారు. 1980ల్లో ఓక్లహోమాలోని టల్సాలో ఇద్దరు, ఒకరు నర్సు, ఇంకొకరు చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ (ఆస్పత్రిలో పిల్లల భయం పోగొట్టే మనిషి), పిల్లల చేతే బొమ్మలు గీయించి తయారుచేశారు. ఆరు మొహాలు, 0 నుంచి 10. మంచి సాధనమే, అడగడం తెలిసుంటే. "నువ్వు ఏ మొహం" అని అడగకూడదు. ఒక్కో మొహానికీ ఎంత నొప్పో చెప్పి, "నీ నొప్పి ఏ మొహంలా ఉంది" అని అడగాలి. మొదటి బొమ్మ నవ్వుతూ ఉండటంతో పిల్లలు దాన్ని మంచి పిల్లల బొమ్మ అనుకుంటారు. మీ పాపే మొదటిది కాదు.

అయినా వంకర చెయ్యి ముందుండగా 2 అని రాసి వదిలేయడం తప్పు. కాగితం చెప్పేదానికీ కంటికి కనిపించేదానికీ పొంతన లేకపోతే మళ్ళీ అడగాలి.

పిడుగు
మీరే చెప్తున్నారుగా, నర్సు సరిగ్గా అడగలేదు. రంగు సంగతి ఎక్కడ? ఆ అబ్బాయి గట్టిగా ఏడ్చాడు, మందు దొరికింది. ఏడ్చిన పిల్లకే పాలు.

రాత్రి_డ్యూటీ
మరి ఎవరి ఏడుపు ఏడుపులా వినిపిస్తుంది, ఎవరి ఏడుపు గోలలా వినిపిస్తుంది అన్నదే కదా ప్రశ్న.

లెక్కలమాస్టారు
ఆ ప్రశ్నకి కొంత డేటా ఉంది. 2015లో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక పేపర్ వచ్చింది. మోనికా గోయల్ అనే డాక్టర్, ఆవిడ బృందం రాశారు. 2003 నుంచి 2010 దాకా జాతీయ సర్వేలో అపెండిసైటిస్ (అపెండిక్స్ వాచిపోవడం) అని తేలిన పిల్లల్ని చూశారు. అపెండిసైటిస్‌ని ఎందుకు ఎంచుకున్నారంటే, దానికి నొప్పి పుడుతుందా లేదా అని ఎవరూ వాదించలేరు. ఏదో ఒక నొప్పి మందు అందింది 57 శాతం మందికే. ఇది అన్ని రంగులూ కలిపి, అదే ఒక అన్యాయం. మార్ఫిన్ జాతి మందులు, అంటే ఓపియాయిడ్స్, తెల్ల పిల్లల్లో 43 శాతానికి, నల్ల పిల్లల్లో 21 శాతానికి అందాయి. నొప్పి తీవ్రంగా ఉందని రికార్డులో రాసున్న పిల్లల్ని మాత్రమే విడదీసి చూసినా తేడా పోలేదు.

నిజాయితీగా ఇంకో మాట. నల్ల పిల్లల సంఖ్య ఆ శాంపిల్‌లో తక్కువ, అందుకే ఆ 21 అసలు 5 నుంచి 36 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంకె కచ్చితం కాదు, దిశ మాత్రం స్పష్టం.

పిడుగు
నల్లవాళ్ళ పిల్లల సంగతి తెచ్చి మనకెందుకు అంటిస్తున్నారు? మనం ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళం, చదువుకున్నవాళ్ళం. మన కేసు వేరు.

లెక్కలమాస్టారు
మన కేసు వేరో కాదో డేటా చెప్పలేదు. ఆ పేపర్‌లో తెల్ల, నల్ల, ఇతరులు అని మూడు గంపలు. మనం మూడో గంపలో ఉన్నాం, చైనా వాళ్ళతో, ఇంకా ఎవరెవరితోనో కలిపి. విడిగా దక్షిణాసియా పిల్లల గురించి ఏమీ చెప్పలేం.

కొత్తావకాయ
రైల్లో ఇతరులు, రిజర్వేషన్‌లో ఇతరులు, ఇక్కడికొచ్చి అపెండిక్స్‌లో కూడా ఇతరులేనా.

గోదారి_గట్టు
రెండో వైపు కూడా వినండి. మా వాడికి తొమ్మిదేళ్ళప్పుడు ముంజేతి రెండెముకలూ విరిగాయి. వేరే రాష్ట్రం, వేరే ఈఆర్. తలుపు దాటిన పది నిమిషాల్లో స్ప్రే, తర్వాత బొమ్మలాడించడానికి ఒక చైల్డ్ లైఫ్ అమ్మాయి, ఐప్యాడ్. మేమూ ఈ రంగే, మా ఇంగ్లీషూ ఈ యాసే. నర్సుని మెచ్చుకుంటే "నేనేం చేయలేదు, చెయ్యి వంకరగా ఉంటే స్క్రీన్ మీద ఆర్డర్ సెట్, అంటే ముందే సిద్ధం చేసిన మందుల జాబితా, అదే తెరుచుకుంటుంది" అంది.

కాబట్టి పొద్దుతిరుగుడు గారి అనుభవం అబద్ధమని కాదు. ఆ పద్ధతి ఉన్నచోట ఎవరి మనసులో ఏముందో అనే దానితో పనిపడలేదు, అంతే.

స్టెతస్కోప్_స్వామి
చాలా రోజులుగా చదవడమే గాని రాయలేదు. ఇది చూసి ఆగలేకపోయా.

నేను ఈఆర్ డాక్టర్ని. ఎంబీబీఎస్ మన దగ్గరే, రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ) ఇక్కడ. రెసిడెన్సీ రెండో ఏడు, ఒక పద్నాలుగేళ్ళ నల్లబ్బాయి సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుకతో వచ్చే జబ్బు) నొప్పితో వచ్చాడు. ఆ ఏడు అది ఎన్నోసారో. కాళ్ళూ నడుమూ నొప్పి, స్కోరు 9 అన్నాడు. అంటూ ఫోన్‌లో ఏదో గేమ్ చూస్తున్నాడు. నా పక్కన సీనియర్ కనుబొమ్మ ఎగరేశాడు. అంతే, మాట కూడా అనలేదు. నాకు అర్థమైంది, నేను ఆ కనుబొమ్మని నమ్మాను. ముందు వేరే ముగ్గురిని చూశాను. గంటా నలభై నిమిషాల తర్వాత మందు రాశాను, అదీ తక్కువ డోసు.

సికిల్ సెల్ సంక్షోభంలో వచ్చిన మనిషికి రిజిస్టర్ అయిన గంటలోపు, లేదా ట్రయాజ్ అయిన అరగంటలోపు మొదటి డోసు పడాలని 2014లో జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. నేను చేసింది వాటికి ముందా తర్వాతా అని అడక్కండి. తర్వాతే.

ఆ పిల్లాడు ఫోన్ ఎందుకు చూస్తున్నాడో తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. పసితనం నుంచి ఆ నొప్పితోనే పెరిగాడు, దృష్టి మళ్ళించుకోవడం ఒక్కటే వాడి చేతిలో ఉన్న మందు. అరిస్తే డ్రామా అంటారు, అరవకపోతే నొప్పి లేదంటారు, నా కొడుకు ఎలా ఉండాలో మీరే చెప్పండి అంది. నా దగ్గర జవాబు లేదు.

నేను తెల్లవాణ్ణి కాదు. నా మీద వివక్ష జరిగితే చెప్పుకుని బాధపడే వాణ్ణే. అయినా తెల్లకోటు వేసుకోగానే ఆ కోటు అలవాట్లూ వచ్చేశాయి. పిడుగు గారూ, నల్లవాళ్ళ సంగతి మనకెందుకు అన్నారు. ఈ దేశంలో ఈఆర్ బల్లకి అవతలి పక్క మనవాళ్ళు చాలామంది ఉన్నాం. అందుకని మనకీ సంబంధం ఉంది.

గోదారి_గట్టు
ఇది రాయడానికి ధైర్యం కావాలి.

కలువరేకు
స్వామి గారి పోస్ట్ చదివాక మా మేనత్త గుర్తొచ్చింది. నేను నలుపు, మా చెల్లి తెలుపు. చిన్నప్పుడు ఇద్దరం సైకిల్ మీంచి కలిసి పడ్డాం. చెల్లికి మోకాలు గీసుకుంటే ఇల్లంతా పరుగులు. నాకు గడ్డం చీలి రక్తం కారుతుంటే మేనత్త పసుపు అద్ది "ఇది గట్టి పిండం, దీనికేం కాదు" అంది. తోలు మందం అని ముద్దుగా కూడా పిలిచేవాళ్ళు. ఆ తర్వాత ఏ దెబ్బ తగిలినా ఏడవడం మానేశా. ఏడ్చినా లాభం లేదని తెలిసిపోయింది కదా.

లెక్కలమాస్టారు
కలువరేకు గారూ, మీ మేనత్త మాట మెడికల్ కాలేజీల దాకా వెళ్ళింది. 2016లో యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో మెడికల్ విద్యార్థుల్ని, రెసిడెంట్లని అడిగారు. నల్లవాళ్ళ చర్మం తెల్లవాళ్ళ చర్మం కంటే మందం, వాళ్ళ నరాల కొసలు అంత సున్నితం కావు, ఇలాంటి మాటలిచ్చి నిజమా కాదా అని. తెల్లవాళ్ళైన 222 మంది జవాబులు లెక్కలోకి తీసుకుంటే దాదాపు సగంమంది కనీసం ఒక్క తప్పుడు మాటని నిజమేనన్నారు. అలా నమ్మినవాళ్ళు ఊహాజనిత కేసుల్లో నల్ల రోగి నొప్పిని తక్కువ అంచనా వేశారు, మందు సలహాలోనూ పొరపాటు పడ్డారు. ఇది బానిసత్వం రోజుల నాటి మాట. కొరడా దెబ్బలు సమర్థించుకోవడానికి పుట్టింది, తెల్లకోట్ల దాకా వచ్చింది.

కలువరేకు
తోలు మందం. అదే మాట. చదివి ఒళ్ళు జలదరించింది.

పాతపుస్తకం
పిల్లల విషయంలో ఇంకో పొర ఉంది. పసిపిల్లలకి నొప్పే తెలియదని డాక్టర్లు 1980ల దాకా నమ్మారు. నెలలు నిండని శిశువులకి కదలకుండా ఉండే మందు ఇచ్చి, తగినంత మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. దాన్ని మార్చినవాళ్ళలో ముఖ్యుడు మన దేశం నుంచి వెళ్ళినవాడే, ఇండోర్‌లో మెడిసిన్ చదివిన కన్వల్‌జీత్ ఆనంద్. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు, ఆపరేషన్ అయిన శిశువులు అంత ఘోరమైన స్థితిలో ఎందుకు తిరిగొస్తున్నారని అడిగాడు. ఫెంటనిల్ కలిపి మత్తిచ్చిన శిశువుల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయని, వాళ్ళు ఆపరేషన్ తర్వాత మెరుగ్గా ఉన్నారని 1987లో చూపించాడు.

నల్ల పిల్లాడంటే రెండు అపనమ్మకాలు కలిసినవాడు. పిల్లాడు కాబట్టి ఒకటి, నలుపు కాబట్టి ఇంకొకటి.

పిడుగు
సరే, చరిత్ర ఘోరంగానే ఉంది. నా సందేహం వేరు. ఈ దేశాన్ని ఓపియాయిడ్లే ముంచాయి కదా? ఎంతమంది పోయారు. అలాంటప్పుడు పిల్లలకి అవి తక్కువ ఇస్తే నష్టమేంటి? తెల్ల పిల్లలకి ఎక్కువ ఇవ్వడమే తప్పేమో.

స్టెతస్కోప్_స్వామి
ఇది మంచి ప్రశ్న, మా డిపార్ట్‌మెంట్‌లో కూడా అడుగుతారు. ఇంటికి 30 మాత్రల సీసా రాసివ్వడం వేరు, ఎముక పక్కకి జరిగిన పిల్లకి కళ్ళముందు, మానిటర్ కింద ఒక్క డోసు ఇవ్వడం వేరు. మొదటి దాంట్లో జాగ్రత్త పెరగాల్సిందే. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి కోడీన్, ట్రమడాల్ అనే ఓపియాయిడ్లు వద్దని ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో చెప్పింది కూడా. కానీ ఆ భయం రెండోదాని మీద కూడా పడుతోంది, అది అందరి మీదా సమానంగా పడట్లేదు.

ఎముకలు విరిగిన పిల్లల మీద గోయల్ వాళ్ళే 2020లో ఇంకో పేపర్ వేశారు. మాస్టారు లెక్కలు చెప్తే బాగుంటుంది.

లెక్కలమాస్టారు
చెప్తా. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన నొప్పి ఉన్న 21,069 ఈఆర్ విజిట్లు. ఇందులో ఫలితం అంత సూటిగా లేదు, అందుకే నాకు నచ్చింది. నల్ల, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలకి ఏదో ఒక మందు అందడం తెల్ల పిల్లల కంటే ఎక్కువే. నొప్పి కొంత తగ్గడమూ ఎక్కువే. కానీ ఓపియాయిడ్ అందడం తక్కువ, నొప్పి తగ్గాల్సినంత తగ్గడం కూడా తక్కువ. అంటే టైలెనాల్ (పారాసిటమాల్) చేతిలో పెట్టి పని అయిపోయిందనుకున్నారు. పిడుగు గారు అన్నట్టు ఓపియాయిడ్ లేకుండానే హాయిగా ఉంటే ఎవరికీ గొడవ లేదు. హాయిగా లేరు, అదీ సమస్య.

అందులో నన్ను ఇంకా పట్టేసింది వేరే అంకె. ఆ 21 వేల పైచిలుకు విజిట్లలో, మందు తర్వాత తొంభై నిమిషాల్లో మళ్ళీ నొప్పి ఎంతుందని రాసినవి 8,533. మిగతా వాళ్ళని మళ్ళీ అడిగినట్టు రాతలో లేదు.

కొత్తావకాయ
మా ఆవిడ పది నిమిషాలకోసారి "ఇప్పుడెలా ఉంది" అంటుంది. ఈఆర్‌కి అరువిస్తా.

అమ్మమ్మ_ఇన్_ఎడిసన్
మనవరాలు టైపు చేసి పెడుతోంది. తప్పులుంటే దానివి.

మా చిన్న మనవడికి ఐదేళ్ళు. అమ్మాయీ అల్లుడూ ఊళ్ళో లేరు, వాడికి కడుపులో నొప్పి వస్తే పక్కింటావిడ కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళా. నాకు ఇంగ్లీషు రాదు. వాళ్ళు ఫోన్లో ఒకతన్ని కలిపారు, తెలుగు మాట్లాడేవాడేనట. నేను చెప్పా, బాబూ, మొదట బొడ్డు చుట్టూ మెలిపెట్టింది, ఇప్పుడు కుడిపక్క పోటు పొడుస్తోంది, కాలు చాపనివ్వట్లేదు అని. అతను ఇంగ్లీషులో ఒక్క ముక్క అన్నాడు. నేను అంత చెప్తే ఒక్క ముక్కేంటి నాయనా అంటే, పెయిన్ అని చెప్పానమ్మా అన్నాడు!

మెలిపెట్టడం, పోటు, సలుపు, గుంజుడు, తీపు, మంట, ఇవన్నీ ఒకటేనా? వాడికి అపెండిక్సే అయింది. దేవుడి దయ, పగలకముందే తీశారు. పొద్దుతిరుగుడు అమ్మా, మీ అత్తగారిని ఏమనకు. పిల్ల ఏడుస్తుంటే మంచిదానివి కదా ఏడవకు అనడం తప్ప మా తరానికి వేరే మాట రాదు.

స్టెతస్కోప్_స్వామి
అమ్మమ్మ గారూ, బొడ్డు దగ్గర మొదలై కుడి కిందికి జరిగి, కాలు ముడుచుకోవడం. మీరు చెప్పింది పాఠ్యపుస్తకంలో అపెండిసైటిస్ వర్ణన. ఆ అనువాదకుడు రోగనిర్ధారణనే మింగేశాడు.

రాత్రి_డ్యూటీ
దీని మీద అందరికీ తెలియాల్సిన మాట. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు, అంటే దాదాపు అన్నీ, అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. 1964 పౌరహక్కుల చట్టం టైటిల్ 6, 2010 ఆరోగ్య చట్టంలో సెక్షన్ 1557 రెండూ అదే చెప్తాయి. మీ మనిషిని మీరే తెచ్చుకోండి అనకూడదు. ప్రాణాపాయం లాంటి పరిస్థితిలో తప్ప చిన్నపిల్లల చేత అనువాదం చేయించకూడదు. ఫోన్లో మనిషి సరిగ్గా చెప్పట్లేదనిపిస్తే ఇంకొకరిని కలపమని అడగొచ్చు, మేం రోజూ చేస్తాం.

మంచుకొండ
అయ్యో, మా పన్నెండేళ్ళ పిల్ల వాళ్ళ నానమ్మకి రెండుసార్లు అనువాదం చేసింది. మేం గర్వంగా వీడియో కూడా తీశాం.

పొద్దుతిరుగుడు
ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు. రెండు రోజులుగా ఆస్పత్రి వెబ్‌సైట్ పోర్టల్‌లో పాప రికార్డులు తవ్వుతున్నా. ట్రయాజ్ నోట్ దొరికింది. అందులో ఉన్నది మక్కీకి మక్కీ తెలుగులో చెప్తున్నా: నొప్పి 2, పాప నిశ్శబ్దంగా సౌకర్యంగా ఉంది, కుటుంబం పక్కనే ప్రశాంతంగా ఉంది. సమయం 4:12. మొదటి ఐబుప్రొఫెన్ 6:47. మధ్యలో నొప్పి స్కోరు గడి ఖాళీ.

ప్రశాంతంగా ఉన్నామట. మా అత్తగారు విష్ణు సహస్రనామం గొణుక్కుంటోంది, మా ఆయన పార్కింగ్ రసీదు నలిపి నలిపి ఉండ చేశారు, నేను గోళ్ళు కొరుక్కుంటున్నా. బయటికి కనిపించేది అదేనేమో.

రేస్ గడిలో ఏముందో తెలుసా? తెలియదు అని. మమ్మల్ని ఎవరూ అడగలేదు కూడా.

కొత్తావకాయ
ఇతరుల కంటే ఒక మెట్టు కింద.

పిడుగు
4:12 నుంచి 6:47. ఇది మాత్రం ఘోరం. ఒప్పుకుంటున్నా. కంప్లయింట్ పెట్టండి. కానీ నేనింకా అంటున్నా, దీన్ని రేసిజం అని నిరూపించలేరు. ఆ నర్సు మనసులో ఏముందో మీకెలా తెలుస్తుంది?

లెక్కలమాస్టారు
తెలియదు, ఒక్క కేసులో ఎప్పటికీ తెలియదు. అందుకే ఇవి వేలమందిని కలిపి చూస్తేనే కనిపిస్తాయి. ఇంకో సంగతి, మనసులో దురుద్దేశం అక్కర్లేదు. 1993లో లాస్ ఏంజెలిస్‌లో యూసీఎల్‌ఏ ఈఆర్‌లో చేతులూ కాళ్ళూ విరిగినవాళ్ళని చూశారు, ఎక్కువగా పెద్దవాళ్ళు. అసలు ఏ మందూ అందనివాళ్ళు హిస్పానిక్ రోగుల్లో 55 శాతం, తెల్లవాళ్ళలో 26. డాక్టర్లు వాళ్ళ నొప్పిని గుర్తించలేకపోయారేమో అనుకుని, మర్నాటి ఏడు అదే బృందం డాక్టర్ల అంచనాలే కొలిచింది. అంచనాలో తేడా లేదు. అంటే కంటికి కనిపించింది ఒకటే. కనిపించినదానికీ ప్రిస్క్రిప్షన్‌కీ మధ్య ఎక్కడో జారిపోయింది.

స్టెతస్కోప్_స్వామి
ఆ జారుడు ఎప్పుడు పెరుగుతుందో కూడా ఒక క్లూ ఉంది. పిల్లల ఈఆర్‌లో రెసిడెంట్లకి షిఫ్ట్‌కి ముందూ తర్వాతా పక్షపాతం కొలిచే పరీక్ష పెట్టారు. హాలు కిక్కిరిసిన రోజుల్లో, ఎక్కువమంది రోగుల్ని చూసిన రోజుల్లో అది పెరిగింది. నాకు ఆశ్చర్యం లేదు. అలిసిపోయినప్పుడు బుర్ర అడ్డదారులు వెతుక్కుంటుంది, ఆ దారులు ముందే ఎవరో వేసిపెట్టి ఉంటారు. శనివారం సాయంత్రం నాలుగింటికి పిల్లల ఈఆర్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదుగా.

గోదారి_గట్టు గారు చెప్పిన ఆర్డర్ సెట్ అందుకే నాకిష్టం. పక్షపాతం మీద గంటన్నర ఆన్‌లైన్ కోర్సు నాకూ చేయించారు. చివర్లో సర్టిఫికెట్ వచ్చింది. దానివల్ల ఒక్క పిల్లాడికైనా మందు ముందుగా అందిందంటే నేను నమ్మను.

గోదారి_గట్టు
కోర్సు మధ్యలో మ్యూట్ పెట్టి వేరే పని చేసుకున్నారా లేదా, నిజం చెప్పండి.

స్టెతస్కోప్_స్వామి
చార్టులు రాసుకున్నా.

మంచుకొండ
రాత్రి_డ్యూటీ గారూ, అక్కడ నిలబడ్డప్పుడు ఏమనాలి? నాకు గొంతు పెగలదు. గట్టిగా అడిగితే గొడవ పెట్టుకునే మనుషులనుకుంటారని భయం.

రాత్రి_డ్యూటీ
గొంతు పెంచక్కర్లేదు, మా భాషలో అడిగితే చాలు. "కెన్ యూ రీఅసెస్ హర్ పెయిన్?" అనండి. మళ్ళీ చూడమని అడిగారంటే చూడాలి, చూస్తే రాయాలి, 7 అని రాస్తే ఏదో ఒకటి చేయాలి. ఆ గడి ఖాళీగా ఉన్నంతసేపే మాకు తప్పించుకునే వీలు. "ఇంట్లో పాప ఇలా ఉండదు, నొప్పి ఎక్కువైతేనే ఇంత నిశ్శబ్దమైపోతుంది" అని చెప్పండి. మీ పిల్ల నిశ్శబ్దానికి అర్థం మాకు తెలియదు, మీకే తెలుసు. అప్పటికీ కదలకపోతే ఛార్జ్ నర్సుని, అంటే ఆ షిఫ్ట్‌లో నర్సులందరికీ పైనున్నావిడని, పిలవమనండి. తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదుకి పేషెంట్ అడ్వకేట్ (రోగుల తరఫున చూసే ఆస్పత్రి ఉద్యోగి) ఉంటారు. పొద్దుతిరుగుడు గారి దగ్గర రెండు టైములూ ఖాళీ గడీ ఉన్నాయి, అంతకంటే బలమైన ఉత్తరం ఉండదు.

అయితే నల్ల తల్లి ఇదే మాట ఇదే గొంతుతో అడిగితే సెక్యూరిటీ వైపు చూసిన సహోద్యోగిని నేను చూశాను. కాబట్టి ఈ చిట్కా అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పను.

కలువరేకు
ఆ చివరి పేరా రాసినందుకు థాంక్స్.

పొద్దుతిరుగుడు
ఉత్తరం నిన్న పంపించా. రంగు గురించి ఒక్క ముక్కా రాయలేదు, రెండు టైములు రాశా, ఖాళీ గడి గురించి రాశా. చివర్లో ఒక్క ప్రశ్న: మీ ఈఆర్‌లో ఎముక విరిగిన పిల్లలకి మొదటి మందు ఎంతసేపట్లో అందుతుందో రంగుల వారీగా ఎప్పుడైనా లెక్క చూశారా అని. మాస్టారి పుణ్యం.

పాప ఊదారంగు కట్టు వేయించుకుంది. ఇంట్లో ఆ మొహాల బొమ్మలు ప్రింట్ తీసి ఆట ఆడుతున్నాం. నిన్న హోంవర్క్ నొప్పి 10 అంది.

కొత్తావకాయ
హోంవర్క్‌కి స్ప్రే లేదా రాత్రి_డ్యూటీ గారూ?

పిడుగు
వేరే సంగతి. మా వాడికి వచ్చే వారం రక్తపరీక్ష. సూదంటే కిందామీదా పడతాడు. పోయినసారి ఇద్దరు నర్సులు పట్టుకుని గుచ్చారు, "మగపిల్లాడివి, ఓర్చుకో" అని నేనూ చెయ్యి పట్టుకున్నా. ఇక్కడ ఇదంతా చదివాక ఎలాగో ఉంది. తిమ్మిరెక్కించే క్రీమ్ ఏదో ఉందంటారు, నిజమేనా?

రాత్రి_డ్యూటీ
ఉంది. లిడోకైన్ 4 శాతం క్రీమ్, ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఫార్మసీలో దొరుకుతుంది. ఎంత రాయాలో, ఎక్కడ రాయాలో ముందు రోజు క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి. గుచ్చడానికి అరగంట ముందు రాసి పైన ప్లాస్టిక్ కప్పాలి. రెండు చేతులకీ రాయండి, ఒక చేతిలో నరం దొరక్కపోవచ్చు. పట్టుకోవడం బదులు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటామని చెప్పండి, ఒప్పుకుంటారు.

పిడుగు
రెండు చేతులకీ. సరే.